అరోరాలో ఒక పూట దొరతనం

సిగ్గుతో చచ్చిపోయాను అని అందరూ తేలిగ్గా అనేస్తుంటారు. నేను ప్రయత్నించి చూశాను కనుక చెబుతున్నాను, అలా చావడం కుదరదు. బతికే ఉంటాం. బతికే ఉండి, నలుగురి మధ్య నుంచి నడిచి, అందరికీ బై చెప్పి, పార్కింగ్‌లో మన కారు ఎక్కడుందో వెతుక్కుని, సీట్ బెల్ట్ పెట్టుకుని ఇంటికి రావాలి. పైగా నేను ఈ పనులన్నీ షేర్వాణీలో చేశాను.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. అమెరికాలోని అరోరాలో మా అమ్మాయి సంహిత చదివే మిడిల్ స్కూల్లో, పాతికమంది ఏడో తరగతి పిల్లల ముందు, వాళ్ళ టీచరు ముందు, పదిమంది తల్లిదండ్రుల ముందు నేను దొరనయ్యాను. ఎంతసేపు? పన్నెండు నిమిషాలు. పదమూడో నిమిషంలో ఏం జరిగిందో దాచకుండా చెబుతాను. కానీ ముందు నేను అంత ఎత్తు ఎందుకు ఎక్కానో మీకు తెలియాలి, లేకపోతే తగిలిన దెబ్బ ఎంతటిదో అర్థం కాదు.

ఆ ఏడు సంహితకు పన్నెండేళ్ళు. తండ్రిని చూసి మొహం చాటేసే వయసు సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. స్కూలుకి ఒక వీధి ముందే దింపెయ్యమనేది. "డాడీ, విండో దించి బై చెప్పకు, ప్లీజ్" అని బతిమాలేది. ఒకరోజు కార్లో దాని ఫ్రెండు "మీ డాడ్ ఏం చేస్తారు?" అని అడిగింది. నేను డ్రైవ్ చేస్తూ చెవులు రిక్కించాను. "మీటింగ్స్‌లో మ్యూట్‌లో ఉంటాడు" అంది నా కన్న కూతురు.

నా ఉద్యోగాన్ని అంతకన్నా ఖచ్చితంగా మా మేనేజరు కూడా వర్ణించలేదు. అయినా నొప్పి పుట్టింది. నా బిడ్డ కళ్ళకు నేను కాస్త పెద్దవాడిగా కనిపించాలి. ఆ రోజుల్లో నాకున్న కోరిక అదొక్కటే, దానికోసం ఏ గడ్డి తినడానికైనా సిద్ధంగా ఉన్నాను. తిన్నాను కూడా.

సరిగ్గా అప్పుడే వాళ్ళకు సోషల్ స్టడీస్‌లో ఫ్యూడలిజం వచ్చింది. మధ్యయుగాల్లో యూరప్‌లో భూస్వామ్యం ఎలా పుట్టిందన్నది పాఠం. టీచరు మిసెస్ హాల్ పాఠం చదివిస్తే మర్చిపోతారని, ఆడిస్తే గుర్తుంటుందని 'మిడీవల్ డే' పెట్టింది. ఒక టోపీలో చీటీలు వేసి పిల్లలతో తీయించింది. ఒకరు రాజు. నలుగురు బేరన్లు, అంటే రాజు దగ్గర భూములు పుచ్చుకున్న దొరలు. కొందరు నైట్లు, వీళ్ళు దొరల తరఫున గుర్రమెక్కి యుద్ధం చేసేవాళ్ళు. మిగిలిన వాళ్ళంతా సర్ఫులు. సర్ఫ్ అంటే దొర భూమి దున్నుతూ, ఆ భూమిని వదిలి ఇంకో చోటికి పోయే హక్కు లేని రైతు. ఈ నిర్వచనం చదివినప్పుడు నాకు నా హెచ్‌వన్‌బీ వీసా ఎందుకు గుర్తు రాలేదో ఇప్పటికీ ఆశ్చర్యమే.

సంహిత ఎగురుకుంటూ ఇంటికొచ్చింది.

"డాడీ, నేను సర్ఫ్! గరాజ్‌లో రైస్ బ్యాగ్ ఉంది కదా, అది కట్ చేసి డ్రెస్ చేస్కుంటా."

తాగుతున్న టీ నాకు పొలమారింది.

"సర్ఫా? నువ్వా? మ్యాథ్‌లో టాప్ గ్రూపులో ఉన్న పిల్లకు సర్ఫ్ ఇస్తారా?"

"డాడీ, అది టోపీలో చీటీ. మ్యాథ్ కాదు."

"మరి దొరలు ఎవరంట?"

"నిఖిల్ ఒక బేరన్. వాడికి బోరింగ్ అంట. జస్ట్ కూర్చోవాలి, అంతే."

నిఖిల్ మా యాదగిరి కొడుకు. యాదగిరి నాతోపాటే పనిచేస్తాడు, మా వెనక వీధిలో ఉంటాడు, నాకంటే మూడేళ్ళు చిన్న కాబట్టి అన్నా అంటాడు. మాట తక్కువ, సాయం ఎక్కువ. మా తాతలది ఒకటే ఊరు. నేను హనుమకొండలో పుట్టి పెరిగి ఆ ఊరిని నాలుగైదు సార్లు చూశాను. యాదగిరి పదో తరగతి దాకా అక్కడే పెరిగాడు. ఆ ఊరి సంగతులు నాకంటే అతనికి ఎక్కువ తెలిసే అవకాశం ఉందన్న చిన్న విషయం నా బుర్రకు ఎన్నడూ తట్టలేదు.

ఎందుకు తట్టలేదంటే, మా తాత దొర కదా!

ఇది నాకు ఎవరూ చెప్పలేదు. మా నాన్న బడిపంతులు, ఆయన చెప్పినవి వేరే. ఊళ్ళో కోటలాంటి పెద్ద గడి ఉండేదట, దాని తలుపు తెరవాలంటే ఇద్దరు మనుషులు కావాలట. తెల్ల గుర్రం ఉండేదట. పండక్కి వంద విస్తళ్ళు లేచేవట. తాత పొద్దున్నే గడికి పోతే దీపాలు పెట్టేవేళకు వచ్చేవాడట. పిల్లవాడిగా ఇవన్నీ విని, గడి మనదే, గుర్రం మనదే అని నేనే తీర్మానించుకున్నాను. మా నాన్న చెప్పిన ప్రతి మాటా నిజమే. అవి ఎవరివో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆయన పోయాక అడగడానికి మనిషి కూడా లేకుండా పోయాడు.

సాక్ష్యానికి మా హాల్లో గోడమీద తాత ఫోటో. ఛాతీ దాకా కనిపిస్తాడు. గుబురు మీసం, సూటి చూపు. తలమీద గొడుగు అంచు. భుజం పక్కన పొడవాటి గొడుగు కర్ర. కింద ఆ కర్రను పట్టుకున్న పిడికిలి కొద్దిగా. ఇంటికి ఎవరొచ్చినా వాళ్ళను ఆ ఫోటో దగ్గరికి తీసుకుపోవడం నా అలవాటు.

"అది ఛత్రమండీ. ఎండ తగలకుండా పట్టేవారు. ఆ చెయ్యి ఎవరో నౌకరుది."

మా ఆవిడ సుజాతది విజయవాడ. మాటకు మాట అప్పుడే ఇచ్చేస్తుంది.

"మీ తాతగారు అంత దొరైతే మనకి హనుమకొండలో ఆ రెండు గదుల ఇల్లే ఎందుకు మిగిలిందండీ?"

"భూసంస్కరణల్లో పోయింది."

"మొత్తం పోయిందా? గొడుగు కూడానా?"

ఇలాంటి మాటలకు దొరలు జవాబు చెప్పరు. నేను కూడా చెప్పలేదు.

ఆ సాయంత్రమే మిసెస్ హాల్‌కు ఈమెయిల్ కొట్టాను. కుటుంబ చరిత్ర దృష్ట్యా మా అమ్మాయికి సర్ఫ్ పాత్ర సరిపడదని, ఆమెను బేరన్‌గా ప్రమోట్ చేయగలరని. అవును, ప్రమోట్ అనే రాశాను. ఆవిడ మర్యాదగా జవాబిచ్చింది. ఇంకో పిల్లాడి ఇంట్లో ఇష్టపడితే మార్చుకోవచ్చంది. పనిలో పనిగా, మీ కుటుంబ చరిత్ర గురించి క్లాసులో మాట్లాడతారా అని కూడా అడిగింది. మాట్లాడతారా అంటే! ఆవిడ 'పంపు' నొక్కిన చెయ్యి ఇంకా తీసి ఉండదు, నా 'ఎస్' చేరిపోయింది.

మర్నాడు యాదగిరి ఇంటికి వెళ్ళాను. గరాజ్ ముందు మంచు పారతో తీస్తున్నాడు. పక్కనే ఇంకో పార గోడకు ఆనించి ఉంది. నేను జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాను.

"యాదగిరీ, ఒక చిన్న హెల్ప్."

"చెప్పన్నా."

"మీవాడికి బేరన్ వచ్చిందంట. మా పిల్లకు సర్ఫ్ వచ్చింది. ఇద్దరికీ మార్చేద్దామా?"

పార ఆగింది.

"గదేందన్నా? పిల్లల ఆట గద."

"ఆటే. కానీ చూడు, మా తాత ఫోటో నువ్వు చూసినవు కద. ఆ ఇంటి పిల్ల బియ్యం సంచి కట్టుకుని నిలబడితే ఏం బాగుంటది? మీవాడికంటే..."

అక్కడ ఆగాను. ఆ వాక్యాన్ని పూర్తి చేయలేదు. పూర్తి చేయలేదని చాలాకాలం నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. కానీ మీరే చెప్పండి, అక్కడిదాకా వచ్చాక ఇంక పూర్తి చేయాల్సింది ఏం మిగిలింది?

యాదగిరి పారను మంచులో గుచ్చి నా వైపు తిరిగాడు. తర్వాత నవ్వాడు.

"తీస్కో అన్నా. మావోనికి ఏదైతేంది? మాకు అలవాటే గద."

థాంక్స్ చెప్పి వచ్చేశాను. పని ఇంత సులువుగా అయిపోయినందుకు దారంతా ఈల వేసుకుంటూ వచ్చాను. ఇది రాస్తుంటే నా చెవులు ఇప్పటికీ వేడెక్కుతున్నాయి.

ఇంట్లో నా కూతురు మాత్రం సులువుగా ఒప్పుకోలేదు.

"నిఖిల్‌ని అడిగావా?"

"వాళ్ళ డాడీని అడిగిన."

"అది సేమ్ కాదు, డాడీ. నాకు సర్ఫ్ కావాలి."

"నీకు తెలుసా, మీ ముత్తాత దొర. నిజమైన దొర. గుర్రం ఉండేది."

సంహిత ఫోను పక్కన పెట్టింది. ఫోటో వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"రియల్లీ? నిజం బేరన్ లాగా?"

ఆ చూపు కోసం నేను ఎన్ని నెలలుగా ఎదురుచూస్తున్నానో మీకు చెప్పినా నమ్మరు. అది నన్ను మ్యూట్ తీసి చూసింది. అంతే, ఇక ఎవరు ఆపినా ఆగేవాణ్ణి కాను.

ఆపడానికి ఒకడు ప్రయత్నించాడు. మిడీవల్ డేకి ముందు రోజు, ఆఫీసు నుంచి వస్తుంటే యాదగిరి ఫోన్ చేశాడు.

"అన్నా, రేపు నువ్వు మాట్లాడేదున్నదా?"

"ఉంది. పావుగంట ఇచ్చిన్రు."

"జర తక్కువ చేస్కోరాదే. గడి గురించి చెప్పు, ఊరి గురించి చెప్పు. తాత ముచ్చట లేకున్నా నడుస్తది గద."

"తాత ముచ్చటే అసలు సంగతి. ఎందుకట్ల అంటున్నవ్?"

"ఏం లేదన్నా. ఊకెనే."

అసూయ, అనుకున్నాను. పాపం, వాడి తాతకు చెప్పుకోవడానికి ఏముంటుంది అనుకున్నాను. జాలిపడ్డాను కూడా! అంత ఎత్తు నుంచి జాలిపడటం నాకు చాలా బాగా అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం దొరగారు బయల్దేరారు. మా బామ్మర్ది పెళ్ళికి కుట్టించిన షేర్వాణీ, పై మూడు గుండీలు పడవు. తెలుగువాళ్ళ నాటకానికి వాడిన తలపాగా. సుజాత కాటుకతో దిద్దిన మీసం. నడుముకు హాలోవీన్ ప్లాస్టిక్ కత్తి.

"ఏవండీ, ఒక్క మాట" అంది సుజాత కారెక్కుతూ. "ఇంకా టైముంది. లోపలికెళ్ళి ప్యాంటూ చొక్కా వేసుకురండి."

వినలేదు. స్కూలు ఆఫీసులో ఒక పెద్దావిడ నా డ్రైవర్ లైసెన్స్ స్కాన్ చేసి, కత్తి వైపు వేలు చూపించి, స్కూల్లోకి ఆయుధాలు కుదరవంది. ప్లాస్టిక్‌దన్నాను. ప్లాస్టిక్ అయినా సరేనంది. అలా నిరాయుధుడినై, ఛాతీమీద 'విజిటర్' స్టిక్కర్ అంటించుకుని క్లాసులోకి ప్రవేశించాను.

క్లాసంతా ముస్తాబై ఉంది. అట్టముక్కతో చేసిన సింహాసనం మీద రాజు. కాగితం కిరీటం పెట్టుకుని నా సంహిత, బేరన్ల కుర్చీలో. కింద నేలమీద సర్ఫుల మధ్య నిఖిల్, సంహిత తన కోసం కత్తిరించుకున్న బియ్యం సంచి తొడుక్కుని. వెనక వరసలో యాదగిరి. నన్ను చూసి చిన్నగా తల ఊపాడు. నేను దొరలు ఊపినట్టు ఊపాను.

ఇక నా ప్రసంగం. ఫ్యూడలిజం ఎలా పుట్టిందో నాకు తెలిసినంతవరకూ, అంటే ఏమీ తెలియనంతవరకూ, వివరించాను. పూర్వం రాజులు గొప్ప గొప్ప వీరులకు భూములు ఇచ్చారని, ఆ వీరులు పేదవాళ్ళను కాపాడారని, పేదవాళ్ళు ఆనందంగా పనిచేశారని, యూరప్‌లో ఎలాగో మా ఊళ్ళోనూ అలాగేనని, మా తాత అటువంటి దొర అని. ఫోటో చూపించాను. ఛత్రం చూపించాను. నౌకరు పిడికిలి చూపించాను. సంహిత మెడ నిలబెట్టి కూర్చుంది. నేను ఆకాశంలో ఉన్నాను.

ముందు వరసలో ఒక పిల్ల చెయ్యెత్తింది.

"మీ తాతకు పనిచేసినవాళ్ళకు ఆ పని ఇష్టమేనా?"

"చాలా ఇష్టం. వాళ్ళు ఆయన్ని ప్రేమించేవాళ్ళు."

"అని వాళ్ళు చెప్పారా?"

"అది..." అన్నాను. "అది వాళ్ళ ముఖాల్లో తెలిసిపోయేది."

చప్పట్లు. పన్నెండు నిమిషాలు పూర్తి. వెళ్ళి సుజాత పక్కన కూర్చున్నాను. ఆవిడ నా వైపు చూడలేదు.

తర్వాత సర్ఫుల వంతు. నిఖిల్ లేచాడు. నేను మధ్యలో మార్పించిన పాత్ర కాబట్టి వాడికి దొరికిన టైము నాలుగే రోజులు. అయినా ఆ కుర్రాడు మాట్లాడుతుంటే క్లాసు కదల్లేదు. వాడు ఇంగ్లీషులో చెప్పింది నాకు గుర్తున్నంతవరకూ ఇది.

రోమ్ రాజ్యం కూలిపోయాక రోడ్లమీద కాపలా లేదు. సముద్రం మీంచి ఒకళ్ళు, గుర్రాలమీద ఇంకొకళ్ళు ఊళ్ళమీద పడి దోచుకున్నారు. రాజు ఎక్కడో దూరంగా ఉంటాడు, ఆయన సైన్యం ఊరు తగలబడ్డాక వస్తుంది. రైతుకు భయం వేసింది. దగ్గర్లో గట్టి గోడ, నాలుగు కత్తులు ఉన్న మనిషి ఇంటికి తనే వెళ్ళాడు. మోకాళ్ళమీద కూర్చుని రెండు చేతులూ జోడించాడు. ఆ బలవంతుడు ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. 'ఈ భూమి ఇకనుంచి నీది, నన్ను దున్నుకోనివ్వు, కాపాడు.' అంతే. అప్పటిదాకా తనదైన భూమినే, అదే నాగలితో, మర్నాటి నుంచి ఇంకొకడిదిగా దున్నాడు. కొడుకు కాలానికి దొంగల భయం పోయింది, కానీ భూమి వెనక్కి రాలేదు. మనవడి కాలానికి అది ఒకప్పుడు తమదేనన్న సంగతే మర్చిపోయారు.

"మా ఊళ్ళో కూడా అట్లాగే అయిందట" అన్నాడు నిఖిల్. "నేను సర్ఫ్ కాబట్టి, నిజం సర్ఫ్ ఎట్లా ఉంటారని మా నానమ్మకు వీడియో కాల్ చేసి అడిగాను. ఒక ఫోటో పంపింది."

వెనక కుర్చీ చప్పుడైంది. యాదగిరి సగం లేచాడు.

"నిఖిల్, చాలు బిడ్డా. టైమైంది."

"లాస్ట్ స్లైడ్, డాడీ."

గోడంత తెరమీద ఫోటో పడింది. మధ్యలో తెల్ల గుర్రం. గుర్రంమీద పట్టు తలపాగాతో ఒక లావుపాటి మనిషి. గుర్రానికి ఒక పక్కన, కాళ్ళకు చెప్పులు లేకుండా, కళ్ళెం పట్టుకుని ఒకాయన. "ఈయన మా ముత్తాత" అన్నాడు నిఖిల్. రెండో పక్కన, పొడుగు కర్ర ఉన్న గొడుగును గుర్రంమీది మనిషి తలమీదకు చాపి పట్టుకుని ఇంకొకాయన.

గుబురు మీసం. సూటి చూపు. భుజం పక్కన కర్ర.

కాగితం కిరీటంతో నా కూతురు లేచి నిలబడింది.

"డాడీ! మన హాల్లో తాత!"

అంతా చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. మా నాన్న కత్తెర పట్టుకుని ఏం చేశాడో అప్పుడు అర్థమైంది. దొరను కోసేశాడు, గుర్రాన్ని కోసేశాడు, యాదగిరి తాతను కూడా కోసేశాడు. తన తండ్రిని ఒక్కణ్ణే మిగుల్చుకున్నాడు. మా వంశంలో జరిగిన భూసంస్కరణ అదొక్కటే. ఆ పిడికిలి ఏ నౌకరుదో కాదు, తాతదే. ఇన్నేళ్ళుగా తాత చేతినే తాతకు నౌకరును చేసి చుట్టాలకు చూపించాను.

"అంటే మీ తాత గొడుగు పట్టుకునే ఆయనా?" ముందు వరస పిల్ల అడిగింది. నిజంగా తెలుసుకుందామనే అడిగింది, పాపం.

ఇక్కడ నోరు మూసుకోవాలి. మనిషన్నవాడు ఎవడైనా మూసుకుంటాడు. నేను మూసుకోలేదు.

"ఆ రోజు సరదాకి పట్టుకుని ఉంటాడు" అన్నాను.

"నో, అంకుల్" అన్నాడు నిఖిల్. వెక్కిరింపు లేదు ఆ గొంతులో, నాకు తెలియని సంగతి చెబుతున్నానన్న శ్రద్ధ ఉంది. "డైలీ పట్టేవారట. నానమ్మ చెప్పింది. చెయ్యి నొచ్చినా మార్చనిచ్చేవారు కాదట."

మా తాతను చిన్నప్పుడు చూసినప్పుడల్లా, ఆయన కుడిభుజం ఎడమభుజం కంటే కొంచెం పైకి ఉండేది. కూర్చున్నా, పడుకున్నా అలాగే ఉండేది. దొరల దర్జా అలా ఉంటుంది కాబోలు అనుకునేవాణ్ణి. అద్దం ముందు నిలబడి నేనూ అలా భుజం ఎత్తి ప్రాక్టీసు చేసేవాణ్ణి. క్లాసులో ఆ మాట వినగానే అది గుర్తొచ్చి, కుర్చీలో కూర్చోలేక, లేవలేక, షేర్వాణీ గుండీ ఒకటి పీకి చేతిలో పట్టుకున్నాను.

మిసెస్ హాల్ మంచి మనిషి. "గుర్రానికి రెండు పక్కలా నడిచినవాళ్ళ పిల్లలు ఇవాళ ఒకే క్లాసులో ఉన్నారు. నాకు ఇంతకంటే మంచి మిడీవల్ డే ఎప్పుడూ జరగలేదు" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు కొట్టిన వాటికంటే గట్టిగా.

పార్కింగ్‌లో యాదగిరిని పట్టుకున్నాను. తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాను. కాటుక మీసం చెమటకు కారి గడ్డంమీదకు వచ్చిందని సుజాత తర్వాత చెప్పింది.

"నీకు ముందే తెలుసా?"

"మీ ఇంట్ల ఫస్ట్ టైం అన్నానికి పిలిచినవ్ సూడు, ఆ దినమే తెలిసింది. గా ఫోటో మా ఇంట్ల పూరా ఉన్నదన్నా. గడి పడగొట్టినప్పుడు మా చిన్నాయన తెచ్చిండు."

"ఆరేండ్లయింది! ఆరేండ్ల సంది నీ ముందట ఛత్రం, నౌకరు అనుకుంట చెప్తుంటే ఒక్కసారన్న ఆపొద్దా?"

"నువ్వు బిడ్డకు చెప్పుకుంటున్నవ్. పోరి ముందట నీ ఇజ్జత్ తీసుడెందుకు?"

"మరి నిన్న ఫోన్‌లనైనా..."

"చెప్తే నువ్వు ఇంటవా?"

వినేవాణ్ణి కాదు. ఇద్దరికీ తెలుసు.

"మొన్న మంచు తీసేటప్పుడు నేనన్న మాట..." అన్నాను.

యాదగిరి కారు తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"గప్పుడు మాత్రం జర నొచ్చిందన్నా" అన్నాడు.

అంతకంటే ఒక్క మాట ఎక్కువ తిట్టినా నాకు హాయిగా ఉండేది. "తప్పైంది యాదగిరీ" అన్నాను. నా జీవితంలో అంత చిన్న వాక్యం చెప్పడానికి అంత కష్టం ఎన్నడూ పడలేదు.

"సరే తియ్. చలి పెడుతుంది, కారెక్కు."

కార్లో సంహిత కాగితం కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత అడిగింది.

"డాడీ, అబద్ధం చెప్పావా? తెలీదా?"

"తెలీదు, బంగారం."

"మరి ఎందుకు అడగలేదు?"

 అడిగితే దొరతనం పోతుందేమోనని లోపలెక్కడో అనుమానం ఉండే ఉంటుంది.

"నాకు అంబ్రెల్లా తాత ఓకే" అంది. "నిఖిల్‌కి నువ్వు చేసింది ఓకే కాదు."

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళి నిఖిల్‌కు కూడా సారీ చెప్పాను. సంహిత తోడు వచ్చి, నేను సరిగ్గా చెబుతున్నానో లేదో పక్కన నిలబడి చూసుకుంది. ఇప్పుడు మా హాల్లో ఫోటో కోయనిది, పెద్దది. వచ్చినవాళ్ళు చూసి, మీ తాత ఎవరండీ అంటే, నిలబడ్డవాళ్ళ వైపు చూపిస్తాను.

వారం తర్వాత సంహిత హోంవర్కు దిద్ది ఇచ్చారు. 'ఫ్యూడలిజం ఎలా పుట్టింది? ఒక్క పేరాలో రాయండి' అన్నది ప్రశ్న. 'ఎ' గ్రేడు వచ్చింది. దాన్ని తనే తెచ్చి ఫ్రిజ్‌కు అంటించింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని మీకోసం తెలుగులో చెబుతాను.

'ఒకాయన తాను దొరనని చెబుతాడు. ఎవరూ కాదనరు. మొదట్లో భయపడి కాదనరు. తర్వాత అలవాటై కాదనరు. ఆ తర్వాత మర్యాదకు కాదనరు. యాదగిరి అంకుల్ ఆరేళ్ళు మర్యాదగా ఉన్నారు. మా డాడీ అందుకే ఆరేళ్ళు దొరగా ఉన్నాడు.'

పెద్ద పెద్ద చరిత్రకారులు దీనిమీద లావుపాటి పుస్తకాలు రాసి ఉంటారు. నా మటుకు నాకు ఆ ఏడు వాక్యాలు చాలు.

ఆ ఫ్రిజ్ ముందే నిలబడి, కుడిచెయ్యి పాల డబ్బామీద పెట్టి, భార్యా కూతురూ చూస్తుండగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో నా బిడ్డకు పడిన చీటీని ఇంకో బిడ్డ చేతిలో పెట్టను. ఇంకొకరి పిల్లవాడి పేరెత్తి, సగం వాక్యంలో ఆగి, మిగతా సగాన్ని ఎదుటివాడి గుండెమీద వదిలిపెట్టను. షేర్వాణీ జోలికి పోను. మా తాత ఏం చేసేవాడని ఎవరైనా అడిగితే, గొడుగు పట్టేవాడు, చెయ్యి నొచ్చినా దించేవాడు కాదు అని చెబుతాను. ఎవరికి పట్టేవాడని అడిగితే మాత్రం, ఆయనెవరో మా ఇంట్లో ఎవరికీ తెలియదు, మా నాన్న కోసేశాడు అని చెబుతాను.